కుళాయి దగ్గర తగవు, చెరువు దగ్గర తగవు

బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత, 1992 డిసెంబరులోనూ 1993 జనవరిలోనూ ముంబయి మత అల్లర్లలో రెండు విడతలుగా తగలబడింది. ఆ అల్లర్లను విచారించిన శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం 900 మంది ప్రాణాలు పోయాయి. అదే రోజుల్లో ముంబయికి యాభై కిలోమీటర్ల లోపే ఉన్న భివండి మాత్రం అంటుకోలేదు. ఆ ఊరి చరిత్ర తెలిసినవారు ఇది ఊహించి ఉండరు. 1970 మే నెలలో శివాజీ జయంతి ఊరేగింపుతో మొదలైన అల్లర్లు భివండిని కాల్చి, జల్‌గావ్, మహాడ్‌ల దాకా పాకాయి. 1984 మేలో మళ్ళీ అదే కథ. ఈసారి మంటలు భివండి నుంచి ముంబయి, ఠాణేల వైపు వెళ్ళాయి, మూడు చోట్లా కలిపి రెండు వందల మందికి పైగా చనిపోయారు. మహారాష్ట్రలో మత ఘర్షణ అంటే ముందుగా గుర్తుకొచ్చే పేరు భివండి. అలాంటి ఊరు, దేశమంతా మండుతున్న శీతాకాలంలో ఎలా నిలబడింది?

ఈ ప్రశ్న తెలుగువారికి మరీ దూరపుది కాదు. భివండి సాంచాల ఊరు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాల తరబడి పద్మశాలీలు బతుకుతెరువు కోసం వెళ్ళిన చోటు ఇది. అక్కడి పద్మానగర్‌లో నడుస్తుంటే తెలుగు మాటలే వినిపిస్తాయి. నూలు వ్యాపారం ఎక్కువగా గుజరాతీ, మార్వాడీలది. సాంచాల యజమానుల్లో చాలామంది ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి స్థిరపడిన మోమిన్ అన్సారీ ముస్లిం నేతగాళ్ళ వారసులు. నడిపేది తెలంగాణ, ఉత్తరప్రదేశ్, బీహార్ కూలీలు. రోజుకు పన్నెండు గంటల షిఫ్టు, రెండు పూటలా బిస్సీలో, అంటే కూలీల మెస్సులో, భోజనం. నూలు ఒక మతం వారి దగ్గర కొని, మరో మతం వారి షెడ్డులో నేయించి, మళ్ళీ మొదటివారికే అమ్మే ఊరు ఇది. ఇంతగా అల్లుకుపోయిన వ్యాపారం ఉంటే గొడవలే రాకూడదని ఎవరైనా అనుకుంటారు. 1970, 1984 ఆ అంచనాను తలకిందులు చేశాయి. సరుకు చేతులు మారినంత మాత్రాన మనుషులు కలిసినట్టు కాదు. బేరం అయిపోయాక ఎవరి వీధికి వారు వెళ్ళిపోతారు.

గొడవలు వచ్చినప్పుడల్లా భివండిలోనూ శాంతి సంఘం ఉండేది. దేశంలోని ప్రతి ‘సున్నితమైన’ ఊరిలోనూ ఉన్నట్టే. దాని రూపం మనకూ తెలిసిందే. వినాయక చవితికో మొహర్రానికో వారం ముందు పోలీసు స్టేషన్ ఆవరణలో షామియానా వేస్తారు. ముందు వరుసలో మాజీ కౌన్సిలరు, ఇద్దరు ముగ్గురు వ్యాపారులు, ఒక మౌల్వీ, ఒక పూజారి, పార్టీల పట్టణ అధ్యక్షులు కూర్చుంటారు. ‘మన ఊరు మతసామరస్యానికి పెట్టింది పేరు’ అని ఒక్కొక్కరూ ఐదు నిమిషాలు మాట్లాడతారు. టీ, బిస్కెట్లు, ఫోటో. మర్నాడు జిల్లా పేజీలో వార్త. అక్కడ కూర్చున్న పెద్దల్లో ఒకరిద్దరు గొడవ జరిగితే లాభపడేవారే అన్న సంగతి సభలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. రాత్రి పదకొండు గంటలకు సందులో రాయి పడినప్పుడు ఈ సంఘంలోని ఏ పెద్దమనిషీ ఆ సందులో ఉండడు. ఉండడానికి ఆయన ఇల్లు అక్కడ లేదు కదా.

1988లో భివండికి డిప్యూటీ పోలీసు కమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోపడే ఈ తంతును పక్కన పెట్టారు. ఆయన చేసిన మార్పు వినడానికి చాలా చిన్నది. ఊరికంతటికీ ఒక సంఘం బదులు, మొహల్లాకు, అంటే పేటకు, ఒక కమిటీ. దాదాపు 70 కమిటీలు ఏర్పడ్డాయి. ప్రతిదానిలో హిందువులూ ముస్లింలూ సమంగా ఉండాలి. పేరుమోసిన నాయకులు వద్దు. సాంచా కార్మికుడు, దర్జీ, కిరాణా కొట్టు యజమాని, బడిపంతులు, ఇంటి పనులు చేసుకునే ఆడవారు ఉండాలి. ఆ ప్రాంతానికి బీటు పోలీసు ఎవరో ఆయనే కమిటీని కూర్చోబెట్టాలి. పండుగకు ముందు మాత్రమే కాదు, ఏమీ జరగని రోజుల్లో కూడా కూర్చోవాలి.

ఏమీ జరగని రోజున కూర్చుని ఏం మాట్లాడతారు? అసలు కిటుకు ఇక్కడే ఉంది. మతసామరస్యం గురించి వారం వారం మాట్లాడటం ఎవరి తరమూ కాదు. అందుకని కుళాయిల గురించి మాట్లాడారు. మురుగు కాలువ పొంగి ఎవరి గుమ్మంలోకి వస్తోంది, తాగి వచ్చి భార్యను కొట్టేవాడిని ఎలా దారిలో పెట్టాలి, అప్పు ఎగ్గొట్టిన బావమరిది సంగతి ఏమిటి, రేషను దుకాణం ఎన్ని రోజులు తెరుస్తున్నాడు అని మాట్లాడారు. పోలీసు స్టేషన్ గడప ఎక్కితే కేసుగా మారి, కేసుగా మారితే మతం రంగు పులుముకునే తగవులు ఇవి. అరుగు మీదే తేలిపోతే అవి తగవులుగానే మిగిలి, తగవులుగానే ముగుస్తాయి.

దీనివల్ల రెండు పనులు జరిగాయి. అవతలి వీధి మనిషి ముఖం, పేరు, ఇంటి గుమ్మం తెలిశాయి. ఇది అందరూ చెప్పేదే. రెండోది అంతకంటే ముఖ్యమైంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. పోలీసులకు జనం తెలిశారు. 1970 అల్లర్లను విచారించిన జస్టిస్ మదన్ కమిషన్ పోలీసుల పక్షపాతాన్ని తీవ్రంగా ఎత్తి చూపింది. ముస్లిం మొహల్లాలోకి లాఠీతో, బలగంతో మాత్రమే అడుగుపెట్టే కానిస్టేబులుకు అక్కడ కనిపించేది గుంపు. అదే సందులో ప్రతి వారం చాప మీద కూర్చుని, మురుగు కాలువ పంచాయతీ విని, ఇచ్చిన టీ తాగి వచ్చినవాడికి ఆ గుంపులో ఫలానా దర్జీ కనిపిస్తాడు. కాల్పుల ఉత్తరువు వచ్చిన క్షణంలో ఈ తేడా మామూలుది కాదు.

పుకారు నడిచే తీరు చూస్తే కమిటీ ఎందుకు పనిచేస్తుందో ఇంకా బాగా తెలుస్తుంది. ఏ ఊరి అల్లర్లైనా తీసుకోండి, మొదటి గంటలో తిరిగే మాటలు నాలుగైదుకు మించవు. గుడి దగ్గర మాంసం పడింది, మసీదు మీద రంగు చల్లారు, అవతలివాళ్ళు మన పిల్లను ఎత్తుకెళ్ళారు, పాలలో విషం కలిపారు. పుకారుకు కావలసింది వెళ్ళి చూసి వచ్చేవారు లేకపోవడమే. గుడి అవతలి వీధిలో ఉంటే, ఆ వీధిలోకి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోతే, మాంసం పడిందో లేదో తేల్చేదెవరు? నిన్నటి దాకా అక్కడికి వెళ్ళి కుళాయి పంచాయతీ చేసి వచ్చిన మనిషి ఒకరుంటే పది నిమిషాల్లో చూసి వస్తాడు. ఆ పది నిమిషాలే ఊరిని కాపాడతాయి. 1992లో దేశమంతా పుకార్లు తిరుగుతున్నప్పుడు భివండి సందుల్లో చూసి వచ్చేవారు ఉన్నారు.

రాజకీయ శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్నేయ 1950 నుంచి 1995 వరకు దేశంలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్ల లెక్కలు తీశారు. మృతుల్లో పల్లెల వాటా నాలుగు శాతం కూడా లేదు. ఎనిమిది నగరాల్లోనే దాదాపు సగం మంది, అంటే 46 శాతం చనిపోయారు. ఆ ఎనిమిదింటిలో హైదరాబాద్ ఒకటి. హైదరాబాద్‌ను ఆయన లక్నోతో పోల్చి చూశారు. రెండూ నవాబుల నగరాలే, రెండింటిలోనూ ముస్లిం జనాభా గణనీయమే. లక్నోలో చికన్ అనే ఎంబ్రాయిడరీ పనివారూ వ్యాపారులూ ఒకరి మీద ఒకరు ఆధారపడి ఉన్నారు, నగరం చాలావరకు ప్రశాంతంగా ఉంది. హైదరాబాద్‌లో అలాంటి ముడి బలంగా లేదు. పండుగలకు పలకరించుకోవడం, పిల్లలు కలిసి ఆడుకోవడం లాంటి రోజువారీ స్నేహాలు పల్లెలో సరిపోతాయి గానీ నగరంలో చాలవని, సంఘాలుగా కలిసి పనిచేసే అలవాటు ఉంటేనే గొడవ ఆగుతుందని ఆయన తేల్చారు. ‘మా చిన్నప్పుడు అందరం అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళం’ అనే మాట పాతబస్తీలో ప్రతి ఇంటా వినిపిస్తుంది. అది అబద్ధం కాదు. అయినా 1990 డిసెంబరులో ఆ నగరంలో వంద మందికి పైగా చనిపోయారు.

2010 మార్చిలో హైదరాబాద్ పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టవలసి వచ్చిన గొడవ దేని మీద మొదలైందో గుర్తుందా? జెండాల మీద. రెండు పండుగలు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఎవరి జెండాలు ఎక్కడ కట్టాలి, పాతవి ఎవరు తీయాలి అన్న పేచీ మూసాబౌలి నుంచి మొదలై చివరికి పలు స్టేషన్ల పరిధిలో జనాన్ని రోజుల తరబడి ఇళ్ళలో బంధించింది. పండుగ అయిపోయాక జెండాలు విప్పడం ఎవరి పనో ముందే రాసుకోవడానికి కాగితం, పెన్ను, ఆ వీధి మనుషులు పదిమంది ఉంటే చాలు. ఆ పదిమందీ అప్పటికే ఒకరికొకరు తెలిసి ఉండాలి. ఇబ్బంది అంతా అక్కడే.

ఇంత బాగా పనిచేసే పద్ధతి ఊరూరా ఎందుకు పాకలేదు? కొంత పాకింది. 1994 నుంచి ముంబయిలో పోలీసు అధికారులు జూలియో రిబేరో, సతీశ్ సహానీ, సామాజిక కార్యకర్త సుశోభా బార్వే వంటివారు మొహల్లా కమిటీలను ఉద్యమంగా నడిపారు. పోలీసులూ బస్తీ కుర్రాళ్ళూ కలిసి ఆడే క్రికెట్ పోటీలు అక్కడ పేరు తెచ్చుకున్నాయి. అయితే ఈ పనికి పునాదిలోనే ఒక బలహీనత ఉంది. కమిటీని కూర్చోబెట్టేది పోలీసు. ఆయనకు బదిలీ ఉంటుంది. వచ్చిన కొత్త అధికారికి మురుగు కాలువ పంచాయతీ పోలీసు పనిలా కనిపించదు. నెల తప్పుతుంది, రెండు నెలలు తప్పుతాయి. ఏమీ జరగకపోవడమే దీని ఫలితం కాబట్టి, జరగని దానికి పతకాలు ఇవ్వరు.

2006 జూలైలో భివండిలో ఈ బలహీనత బయటపడింది. శ్మశానవాటిక పక్కన పోలీసు స్టేషన్ కట్టబోతే ముస్లింలు అభ్యంతరం చెప్పారు. నిరసన ముదిరి, పోలీసులు కాల్పులు జరిపి, ఇద్దరు చనిపోయారు. ఆ రాత్రి గుంపు ఇద్దరు కానిస్టేబుళ్ళను చంపింది. మొహల్లా కమిటీల పట్టు అప్పటికి సడలిపోయింది. ఇది హిందూ ముస్లిం గొడవ కాదు, ఒక పక్షం పోలీసే. మధ్యవర్తే ప్రతివాది అయితే కమిటీకి అధ్యక్షత ఎవరు వహిస్తారు? పోలీసు పిలిస్తే కూడే సంఘం పోలీసు మీద ఫిర్యాదును విచారించలేదు. సాంచా కార్మికుడి కూలి రేటునూ, పన్నెండు గంటల షిఫ్టునూ కూడా అలాంటి సంఘం తేల్చడం కష్టం. యజమానీ కూలీ పక్కపక్కన కూర్చున్న చాప మీద కుళాయి మాట ఎత్తినంత తేలికగా కూలి మాట ఎత్తగలరా?

ఇక్కడి నుంచి విషయం మన ఊళ్ళ వైపు తిరుగుతుంది. భివండి పద్ధతి నడిచింది రెండు పక్షాలూ కొంత మేరకు సమఉజ్జీలు కాబట్టి. రెండింటికీ దుకాణాలున్నాయి, ఓట్లున్నాయి, గొడవ జరిగితే రెండింటికీ నష్టం ఉంది. తెలుగు పల్లెలో దళితవాడకూ ఊరికీ మధ్య వచ్చే తగవులో ఇవేవీ సమానం కావు. పొలం ఊరిది, కూలి ఊరిది, కిరాణా కొట్టు ఊరిది, చెరువూ ఊరిదే.

అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 16న తగవు మొదలైంది తాగునీటి చెరువు దగ్గరే. పశువుల కుడితి మిగులు తాము తాగే నీళ్ళలో కలుస్తోందని మాదిగవాడ వారు అడిగారు. అడిగినవాడిని కొట్టబోతే నీళ్ళకు వచ్చిన ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు భూస్వామ్య కులం వారు గుంపుగా వాడ మీద పడ్డారు. ఆరుగురు దళితులను చంపారు. ఆడవారిపై అత్యాచారాలు జరిగాయి.

కాగితం మీద చూస్తే ఇదీ నీళ్ళ తగవే. భివండి కమిటీ పుస్తకంలో ఇలాంటివి ఎన్నో ఉండి ఉంటాయి. అక్కడ కుళాయి తగవు కుళాయి తగవుగా తేలిపోయింది. ఇక్కడ అలా తేలే అవకాశం మొదటి నుంచీ లేదు. నీళ్ళు ఎవరు పాడు చేశారన్నది ఊరికి పట్టలేదు. బిందె ఎత్తే హక్కు ఎవరికుందన్నదే పట్టింది. దాన్ని అరుగు మీద కూర్చుని తేల్చాలంటే ముందు ఆ అరుగు మీద ఇద్దరూ కూర్చోగలగాలి.

దాడి జరిగాక ఊళ్ళలో సాధారణంగా ఏమవుతుందో తెలిసిందే. పోలీసు పికెట్ పెడతారు, నష్టపరిహారం ప్రకటిస్తారు, పెద్దమనుషులు రాజీకి దిగుతారు. ‘జరిగిందేదో జరిగింది, కలిసి బతకవలసినవాళ్ళం’ అంటారు. కలిసి బతకడమంటే కేసు వాపసు తీసుకోవడం అని అర్థం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింది నేరాలు మామూలుగా రాజీ చేసుకునేవి కావు. అయినా సాక్షులు బోనులో మాట మారిస్తే రాజీ అయినట్టే. దీనికీ శాంతి అనే పేరే పెడతారు. అధికారుల నివేదికలో ‘పరిస్థితి అదుపులో ఉంది’ అన్న వాక్యం ఈ శాంతి గురించే.

కారంచేడు దళితులు దానికి ఒప్పుకోలేదు. ఊరు విడిచి చీరాల చేరి శిబిరంలో ఉన్నారు, తిరిగి రమ్మంటే రామన్నారు. బొజ్జా తారకం, కత్తి పద్మారావుల నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోంచే. చివరికి చీరాలలోనే వారికి విజయనగర్ కాలనీ ఏర్పడింది. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఈ ఘటన ఒత్తిడి ఉంది. కేసు సుప్రీంకోర్టులో ముగిసేసరికి 2008 డిసెంబరు వచ్చింది. శాంతి సంఘాల కొలమానంతో చూస్తే కారంచేడు ఒక వైఫల్యం, ఎందుకంటే రెండు పక్షాలూ మళ్ళీ కలవలేదు. వాడ నుంచి చూస్తే తిరిగి వెళ్ళకపోవడమే వారు చేయగలిగిన అతి పెద్ద పని. పొలానికి కూలీలు రారు, వాడ ఖాళీగా ఉంటుంది. ఊరు ప్రతి రోజూ ఆ ఖాళీని చూడాలి.

అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు మరో అడుగు వేసింది. 1991లో అక్కడ తగవు సినిమా హాలులో కాలు తగిలిందన్న దగ్గర మొదలై, దళితుల సాంఘిక బహిష్కరణగా మారి, ఆగస్టు 6న ఎనిమిది మంది హత్యలతో ముగిసింది. ఆ నెల రోజుల్లో ఊళ్ళో పోలీసులు లేక కాదు, ఉన్నారు. బాధితులు ఆ తర్వాత పట్టుబట్టింది పరిహారం మీద కాదు. విచారణ మా ఊళ్ళోనే జరగాలి, ప్రాసిక్యూటర్ మేము నమ్మినవారై ఉండాలి అన్నారు. వినడానికి ఇది కోర్టు వ్యవహారం. నిజానికి ఇది ఖోపడే అడిగిన దానికి చాలా దగ్గరిది. తీర్పు చెప్పేవారు పెద్ద ఊరిలో కాకుండా, తగవు జరిగిన సందుకు రావాలనే ఇద్దరూ అడిగింది. కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, నిందితులు ఎక్కిన బస్సులోనే దూరపు కోర్టుకు వెళ్ళి సాక్ష్యం చెప్పడం ఎంత కష్టమో తెలిసినవారు అడిగిన కోరిక అది. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టివేసింది.

హత్యకు గురైనవారిని చుండూరు దళితులు ఊరి బయటి శ్మశానానికి తీసుకువెళ్ళలేదు. ఊరి నడుమే పాతిపెట్టారు. ఆ చోటును రక్తక్షేత్రం అంటారు. ఏటా ఆగస్టు 6న అక్కడ జనం కూడతారు.